పెద్దతల్లి మోసిన పొలిమేర

కొర్రపుట్టుగలో రాయి దొరకదు. ఊరికి తూర్పున సముద్రం, పడమట రైలుపట్టాలు, మధ్యలో ఇసక. ఇసకలో కొబ్బరి, కొబ్బరి లేనిచోట జీడి, అక్కడక్కడా పనస. పారతో ఎంత తవ్వినా ఇసకే వస్తుంది. ఇంకా తవ్వితే నీళ్లు వస్తాయి. రాయి రాదు. ఆకాశం తేటగా ఉన్న రోజు పడమటి వైపు మహేంద్రగిరి నీలంగా కనిపిస్తుంది. అక్కడ కావలసినంత రాయి ఉంది. టెక్కలి దగ్గర కొండల్ని కోసి, పలకలు చేసి, ఓడలెక్కించి పైదేశాలకు పంపుతారు. సముద్రాలు దాటిన ఆ రాయి కొర్రపుట్టుగకు మాత్రం రాలేదు.

అందుకని ఈ ఊళ్లో రాయికి విలువ ఉంది. సన్నికల్లు కావాలంటే కంచిలి వెళ్లి కొని బండి మీద తెచ్చుకోవాలి. కాపురానికి వస్తూ సన్నికల్లు తెచ్చుకున్న కోడల్ని అత్తలు వారం రోజులు ఏమీ అనేవారు కాదట.

ఊరి చరిత్ర కూడా పెద్దది కాదు. మందస జమీ కింద ఉన్న రోజుల్లో ఇక్కడ మనుషుల కంటే నక్కలు ఎక్కువ. జమీలు పోయాక సర్కారు వాళ్లు గొలుసులు పట్టుకుని వచ్చి ఇసకను కొలిచారు. కొలిచిన చోటల్లా రాళ్లు పాతి వెళ్లిపోయారు. ఊళ్లోకి తమంత తాముగా వచ్చిన మొదటి రాళ్లు అవే. పదేళ్లు తిరిగేసరికి వాటిలో ఒకటి బావిగట్టు ఎక్కింది. ఒకటి బట్టలుతికే బల్ల అయింది. ఒకదాని మీద రెండు తరాలు పసుపు నూరుకున్నాయి. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోలేదు. ఇసకలో ఊరికే నిలబడి ఉన్న రాయికి పని చూపించామనుకున్నారు.

పెద్దతల్లి ఈ ఊరికి పదహారో ఏట కోడలుగా వచ్చింది. ఇప్పుడు డెబ్బై దాటాయి. నడుము దగ్గర కొడవలిలా వంగి ఉంటుంది. యాభై ఏళ్లు జీడిపిక్కలు ఏరితే ఎవరికైనా అంతేనని ఊరు అంటుంది. ఆమె అవుననదు, కాదనదు. వంగిన నడుముతో పిక్కలు ఏరడం సుఖమని మాత్రం ఒకసారి అంది.

ఆమెకున్నది ఊరి తూర్పు అంచున నలభై అయిదు సెంట్ల జీడితోట. పదకొండు చెట్లు. భర్త తొందరగా పోయాడు. కొడుకు తిరుపతిరావుని ఆ పదకొండు చెట్ల మీదే పెంచింది. అతను కంచిలి స్టేషను దగ్గర ఆటో నడుపుతాడు. కోడలు ప్రమోదిని రోజూ రైల్లో పలాస వెళ్లి జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి వస్తుంది. పిక్కల్లోంచి కారే జీడి రసానికి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా మాత్రం పలాస మానేసి అత్తతో పాటు సొంత చెట్ల కింద పిక్కలు ఏరుతుంది. ఆ మూడు నెలలూ అత్తాకోడళ్లు ఒకరి మీద ఒకరు ఎవరికీ చెప్పుకోరు.

తోటకు కొంచెం ఇవతల, దారి పక్కన, మూడుగీతలమ్మ గుడి ఉంది.

అమ్మవారు మోకాలెత్తు రాయి. నెత్తి మీద మూడు గీతలు ఒకచోట కలుస్తాయి. అవి త్రిశూలమని కొందరు, మూడు కళ్లని కొందరు అంటారు. నేల చీల్చుకుని వెలిసిందన్న విషయంలో మాత్రం రెండు మాటలు లేవు. ఇసకను చీల్చడం అంత కష్టమా అని ఎవరూ అడగలేదు. ఉగాది వెళ్లాక ఆడవాళ్లు పసుపునీళ్లలో వేపాకులు వేసి, ఆ ముర్రాట కడవలు నెత్తిన పెట్టుకుని వస్తారు. మేకపోతులు తెగుతాయి. మంగళవారాల్లో కంచిలి నుంచి కూడా జనం వస్తారు. గుడి కమిటీ ప్రెసిడెంటు పోలారావు చుట్టూ టైల్సు వేయించాడు. పైన కప్పు వేద్దామంటే ఊరు ఒప్పుకోలేదు. రావివలసలో ఎండల మల్లన్న కప్పు వద్దన్నాడు, మన తల్లి ఆయనకంటే తక్కువా అన్నారు. పలాస నుంచి వచ్చిన పంతులు నాలుగు దిక్కులూ చూసి, ఈ స్థలం ఒక్క అడుగు అటైనా ఇటైనా శక్తి ఇంత ఉండేది కాదని చెప్పాడు.

అప్పుడు పెద్దతల్లి అక్కడే ఉంది. నడుము మీద చెయ్యి వేసుకుంది.

మళ్లీ భూములు కొలుస్తామని సర్కారు దండోరా వేయించింది. ముందు డ్రోను వచ్చింది. తర్వాత అశ్విని వచ్చింది. టెక్కలి అమ్మాయి, ఇరవై ఆరేళ్లు ఉంటాయి, గ్రామ సచివాలయంలో సర్వేయరు. పొడవాటి కర్ర మీద పుట్టగొడుగులాంటి యంత్రం పెట్టుకుని మూడు రోజులు ఇసకలో తిరిగింది. ఆ యంత్రం ఆకాశంలో ఉన్న ఉపగ్రహాల్ని అడిగి తను ఎక్కడుందో చెబుతుంది. ఊరు ఎక్కడ ఆగిపోతుందో మాత్రం ఉపగ్రహాలకు తెలియదట. దానికి పాత రాయి ఒక్కటైనా కావాలట.

"ఈ పక్క పాత సర్వే రాయి ఏదైనా మిగిలిందాండీ?" అని అడిగింది.

పోలారావు ఆలోచించి ఆమెను బావి దగ్గరికి తీసుకెళ్లాడు. తర్వాత బట్టలుతికే బల్ల దగ్గరికి. తర్వాత ఒకరింటి పెరట్లో పసుపు నూరే రాయి దగ్గరికి. అన్నీ సర్కారు రాళ్లే. ఏదీ తన చోట లేదు. అశ్వినికి ఎండదెబ్బ తగిలేలా ఉంది. గుడి పక్కన జీడిచెట్టు నీడలో కూర్చుని మంచినీళ్లు తాగింది. చెప్పులు విప్పి అమ్మవారికి దండం పెట్టింది. దండం పెట్టిన చేతులు అలాగే ఆగిపోయాయి. కాసేపు గీతల వైపు చూసి, సంచిలోంచి మ్యాపు తీసింది.

"ఇది మూడు ఊళ్ల రాయండి. మీ ఊరు, ఉత్తరాన ఊరు, తూర్పున సముద్రపొడ్డు ఊరు, మూడు పొలిమేరలూ కలిసే చోట పాతుతారు. ఒక్కో గీత ఒక్కో పొలిమేర వైపు చూపిస్తుంది."

పోలారావు ముఖం వెలిగింది. "తల్లి పొలిమేర కాయడానికే కదా మేడం వెలిసింది! మీ మ్యాపులో కూడా ఉందన్నమాట."

"ఉంది. అయితే మీ ఊరు ఇక్కడితో అయిపోతుంది."

ఆ మాట అర్థం కావడానికి పోలారావుకు ఒక బీడీ పట్టింది. గుడికి అవతల, తూర్పుగా అరవై మీటర్ల మేర ఏడు కుటుంబాల జీడితోటలున్నాయి. పోలారావుది రెండెకరాలు. పెద్దతల్లిది నలభై అయిదు సెంట్లు, మొత్తంగా ఆమెకున్నదంతా. రాయి ఇక్కడుంటే ఆ తోటలన్నీ తూర్పున ఉన్న ఊరి లెక్కలోకి పోతాయి. ఆ ఊరి లెక్కలో అది సర్కారు ఇసక.

"పట్టా ఉంది మేడం!" అన్నాడు పోలారావు.

"ఉందండీ. పట్టాలో భూమి ఉంది. ఊళ్లో లేదు."

అశ్విని మంచి పిల్ల. తన అనుమానం కూడా దాచలేదు. పాత మ్యాపులో రైలుపట్టాల నుంచి ఈ రాయికి ఉన్న దూరం ఇప్పటికంటే అరవై మీటర్లు ఎక్కువ. పట్టాలు కదల్లేదు. మ్యాపు తప్పయినా కావాలి, రాయి కదిలైనా ఉండాలి. కదిలిందని ఊళ్లో పెద్దలు సంతకాలు పెడితే మ్యాపు ప్రకారం కొలుస్తుంది. లేకపోతే రాయి ప్రకారం కొలవాలి. శుక్రవారంతో ఈ ఊరి పని ముగుస్తుంది.

గురువారం పొద్దున్న గుడి ముందు అందరూ చేరారు. పెద్దతల్లి టైల్సు మీద కూర్చోలేదు. ఇసకలో, కోడలి పక్కన కూర్చుంది.

"తల్లి కదిలిందని ఎలాగ సంతకం పెడతాం? వెలిసిన తల్లి అది," అన్నాడు పోలారావు.

"కదల్లేదంటే నీ రెండెకరాలూ కదిలిపోతాయి మావా," అన్నాడు అప్పలరాజు. ఏడుగురిలో అతనొకడు. కొబ్బరి దింపుతాడు. చెట్టు మీద ఉన్నా కింద ఉన్నా నోరు ఊరుకోదు.

"ఎటకారం మానురా. దేవుడి కాడ ఉన్నాం."

"దేవుడి కాడ ఉన్నామో సర్వే ఆఫీసులో ఉన్నామో తేల్చడానికే గదా మేడం వొచ్చింది!"

"కదిలింది," అని పెద్దతల్లి అంది. "నానే కదిపినాను."

ప్రమోదిని అత్త వైపు తిరిగింది. పోలారావు నవ్వాడు. "ఏటొదినా, ఎండ తగిలిందేటి?"

పెద్దతల్లి అశ్విని వైపే చూస్తూ చెప్పింది. తిరుపతిరావుకి ఏడాది నిండినప్పుడు అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, కళ్లు తెరవలేదు. ఆమె అత్తది ఇచ్ఛాపురం అవతల, ఒరియా వాళ్ల పిల్ల. ఊళ్లో ఠాకురాణి అమ్మవారు లేదు, అందుకే ఇలా అయింది, రాయి నిలబెట్టి చల్లంబలి పొయ్యి అంది. నిలబెట్టడానికి రాయి ఎక్కడుంది? సన్నికల్లు అత్తది, అది ఇవ్వదు. తోట చివర సర్కారు రాయి ఒకటి సగం ఇసకలో కూరుకుపోయి ఉండేది. మిట్టమధ్యాహ్నం, జనం నిద్రపోయేవేళ, పెద్దతల్లి ఒక్కతే వెళ్లి తవ్వింది. కొబ్బరితాడు కట్టి ఈడ్చింది.

"మరి ఇక్కడే ఎందుకు పెట్టారు మామ్మా?" అశ్విని అడిగింది.

"ఇంటి కాడ పెడదామనుకున్నాను పాపా. ఈడికొచ్చీసరికి నడుం పట్టీసింది. ఇంక అడుగు పడలేదు. ఈడే నిలబెట్టి పసుపు రాసీసినాను."

ఎవరూ నవ్వలేదు. పలాస పంతులు చెప్పిన అడుగు అందరికీ గుర్తొచ్చింది.

"పిల్లడికి తగ్గింది," అంది పెద్దతల్లి. "పక్కింటావిడ వొచ్చి మొక్కింది. ఆవిడ గేదె ఈనింది. ఇంక నానేటి సెప్తాను? ముందు సర్కారు అమీను కట్టీసి తీసుకుపోతాడని బయం. తరవాత మీరంటే బయం."

"ఆగొదినా," అన్నాడు పోలారావు. "టైల్సు ఏసినప్పుడు అయిదుగురు మొగోళ్లం పట్టుకున్నాం. జానెడు జరపలేకపోనాం. అప్పటికి కుంచెడు బియ్యం మోయలేని పిల్లవి, నువ్వు మోసినావా?"

"మీ పిల్లలకి బాగోకపోతే మీరూ జరిపీవోళ్లే."

"ఎవలైనా సూసినారా?"

"సూత్తే మోయనిత్తారేటి?"

మాట నెగ్గేలా లేదు. ఊళ్లో తల్లి మహిమకు సాక్షులు మూడు వందల మంది ఉన్నారు. పెద్దతల్లికి సాక్షి ఆమె నడుము ఒక్కటే, దాన్ని ఊరు ఎప్పుడో జీడిపిక్కల కింద రాసేసుకుంది.

అప్పుడామె ముందుకు వంగి, పెద్దగా వంగనక్కర్లేదు, ఇసకలో వేలితో గీసింది. "తవ్వినప్పుడు అడుగున ఒక పక్క ఇలగ సెక్కి ఉన్నాది. నాకు సదువు రాదు. ఒక కొడవలి. దాని పక్కన కడుపుతో ఉన్న ఆడది."

అశ్విని లేచి వచ్చి చూసింది. సంచిలోంచి పాత రాళ్ల పట్టిక తీసి వేలు పెట్టి వెతికింది. మూడు ఊళ్ల రాయి, నెంబరు 76. కాగితాన్ని ఇసకలోని గీతల పక్కన పెట్టింది. ఏడంకె అచ్చం కొడవలిలా ఉంది. ఆరంకెకు కడుపు ఉంది.

పోలారావు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. తీసి చూశాడు. రాయి అడుగు సిమెంటులో ఉంది. తవ్వి చూద్దామని ఎవరూ అనలేదు, అనరు కూడా.

"మావా," అన్నాడు అప్పలరాజు మెల్లగా, "అంటే ఇన్నాళ్లూ మనం మేకపోతుల్ని కోసింది రెవిన్యూ శాకకా?"

"నోరు ముయ్యి."

"కాదు, వోళ్లొక్క రసీదైనా ఇవ్వలేదని."

పోలారావు చాలాసేపు అమ్మవారి వైపు చూశాడు. అవతల తన రెండెకరాల వైపు కూడా చూశాడు. ఒకటి ఉంటే రెండోది ఉండదు. రెండూ ఉండే దారి ఏదైనా ఉందేమోనని వెతుకుతున్నట్టు గడ్డం గోక్కున్నాడు. దారి దొరికింది.

"తల్లి నడిసింది," అన్నాడు.

అందరూ అటు తిరిగారు.

"పొలిమేరలో వెలిసింది. పిల్లలకి బాగోలేదని తెలిసి ఊళ్లోకి నడిసొచ్చింది. అరవై మీటర్లు తల్లికొక లెక్కా?" గొంతు పెరిగింది. "ఒదిన కూడా అదే సెప్తంది, సరిగా సెప్పడం రాక!"

ఏడు కుటుంబాల వాళ్లూ తలలూపారు. తోటలు లేనివాళ్లు కూడా ఊపారు. నేల చీల్చుకుని వచ్చిన తల్లి కంటే నడిచి వచ్చిన తల్లి మరికాస్త గొప్పదే.

"నడిచిందని రాయలేనండీ," అంది అశ్విని.

"మరేటి రాత్తారు?"

"మామ్మగారు తీశారని రాస్తాను. యాభై ఏళ్ల కిందటి మాట, ఆమెనెవరూ ఏమీ అనరు."

"ఒద్దు మేడం! ఒక ఆడది తాడు కట్టి ఈడిసిందని కాయితం మీదకెక్కితే రేపు తల్లికి ముర్రాట ఎవలు పోత్తారు? తుపానుకి కొట్టుకొచ్చిందని రాయండి."

"ఏ తుఫానుకి?"

"మన ఉద్దానంలో తుపానుకేటి మేడం కరువు! మీకు నచ్చింది ఒకటి ఏసుకోండి."

అశ్విని పెద్దతల్లి వైపు చూసింది.

"అది నడవలేదు. తుపానుకీ రాలేదు," అంది పెద్దతల్లి. "నాను మోసినాను." దొంగతనం ఒప్పుకోవడానికి ఆమెకు యాభై ఏళ్లు పట్టింది. ఒప్పుకున్నాక అది తనది కాదంటున్నారు.

పోలారావు ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈసారి మెత్తగా అన్నాడు. "ఒదినా, నువ్వు మోసినావో నడిసిందో, రాయి కదిలిందంటే నీ పదకొండు సెట్లూ నీకుంటాయి. నువ్వు మోసినావంటే ఒక్కడు సంతకం పెట్టడు. సంతకాలు లేకపోతే సెట్లు లేవు. నీకేటి కావాల?"

ప్రమోదిని అత్త చెయ్యి పట్టుకుంది. నల్లటి వేళ్లు. "అత్తా, ఏలిముద్ర ఏసీ," అంది. "నువ్వు మోసినావని నాకు తెలుసు గదా. సాల్దా?"

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే."

పెద్దతల్లి బొటనవేలు చాపింది. పంచనామాలో మొదటి వేలిముద్ర ఆమెదే. ఊళ్లో పెద్దవయసు కాబట్టి, తుఫానులో రాయి కొట్టుకురావడం కళ్లారా చూసిన సాక్షి అని పేరు పక్కన రాశారు. అశ్విని అది చదివి వినిపించింది. చదువుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

నెల తిరక్కుండా గుడి దగ్గర బోర్డు మారింది. నడిచొచ్చిన మూడుగీతలమ్మ తల్లి అని కొత్తగా రాయించారు. తల్లి నడిచిన దారి అంటూ పోలారావు ఆ అరవై మీటర్లూ ఇటుకలు పరిపించాడు. ఇప్పుడు కంచిలి వాళ్లు ఆ దారి వెంట చెప్పులు లేకుండా నడిచి మొక్కు తీర్చుకుంటున్నారు. ఆ దారిలో ఒకచోట పెద్దతల్లి తాడు తెగి కింద పడిందని ఎవరికీ తెలియదు. ఆ చోటు దగ్గరికి రాగానే ఆమె మాత్రం పక్కనుంచి వెళ్తుంది.

తర్వాత కొత్త రాయి వచ్చింది. ట్రాక్టరు మీద, గడ్డిలో చుట్టుకుని, టెక్కలి నుంచి. అరవై మీటర్ల అవతల, పాత మ్యాపు చెప్పినచోట, పెద్దతల్లి పదకొండో జీడిచెట్టు పక్కన పాతారు. నున్నటి నల్లరాయి, నెత్తిన మూడు గీతలు, పక్కన నెంబరు. అంత మంచి రాయిని ఊరు అంతకుముందు చూడలేదు. మొదటి రోజే ముగ్గురు ఆడవాళ్లు వచ్చి చేత్తో నిమిరి, సన్నికల్లుకి ఎంత బాగుంటుందో అనుకుంటూ వెళ్లారు. పెద్దతల్లి చెట్టు కింద పిక్కలు ఏరుతూ ఆ మాటలు విన్నది.

పది రోజుల తర్వాత అశ్విని ఫొటో తీసుకోవడానికి వచ్చింది. రాయి నిండా పసుపు. మూడు గీతల మధ్య కుంకుమ. ముందు రెండు మందారాలు, కొబ్బరిచిప్పలో కాస్త అంబలి.

"మామ్మా!" అంది. "మళ్లీ ఎవరు చేశారిది?"

"నానే," అంది పెద్దతల్లి, పిక్కలున్న బుట్ట కింద పెట్టి.

"అమ్మవారు అక్కడుందిగా. ఇది ఉత్త రాయి అని మీకంటే ఎవరికి తెలుసు?"

"ఉత్త రాయిని ఈ ఊళ్లో ఎవలుంచుతారు పాపా? పసుపు రాసిన రాయిని ఎవలూ కదపరు."

"మీరు కదిపారు కదా."

"దానికి పసుపు లేదు."

అశ్విని ఫోను పట్టుకుని నిలబడింది. "నెంబరు కనబడాలి మామ్మా. లేకపోతే ఫొటో ఒప్పుకోరు."

పెద్దతల్లి చీర చెంగు తడిచేసి, నెంబరు ఉన్నంత మేర తుడిచింది. మిగతా పసుపు అంటకుండా, నెమ్మదిగా. అంకెల మీద వేలు పెట్టి చూసింది. ఈసారి కొడవలి లేదు, ఆడదీ లేదు. ఏవో వేరే గీతలు.

"తీసుకో," అని పక్కకు జరిగింది.

అశ్విని చెప్పులు విప్పి, ఫొటో తీసింది.